ఇంటిపై సోలార్: ముందు మీటరు ఎవరి పేరున ఉందో చూద్దాం

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లపై 2 కిలోవాట్ల సోలార్ ప్లాంటు ఉచితంగా పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. మన వాడల్లో ఈ హక్కు చాలాసార్లు కాగితాల దగ్గరే ఆగిపోతుంది.

దీనికి ఆధారం 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం. ఇందులో కేంద్ర సబ్సిడీ 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా రూ.78 వేలు. సొంత ఇల్లు, పలకలు పెట్టడానికి వీలైన పైకప్పు, కరెంటు కనెక్షన్ ఉండాలి. సర్వీసు నంబరుతో జాతీయ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ప్లాంటు పెట్టాక డిస్కం నెట్ మీటరు బిగిస్తుంది. గ్రిడ్‌కు మనం పంపిన యూనిట్లు, వాడుకున్న యూనిట్లలోంచి తగ్గుతాయి.

సొంతంగా పెట్టుకునేవారికి సబ్సిడీ ప్లాంటు పనిచేయడం మొదలయ్యాకే ఖాతాలో పడుతుంది. కూలి కుటుంబం అంత డబ్బు ముందే ఎక్కడ తెస్తుంది? అందుకే ఉచిత పథకం మనకు కీలకం.

కానీ మీటరు చనిపోయిన తాత పేరునే ఉంటే? పట్టా మరొకరి పేరున ఉంటే? ఇల్లు పూరిగుడిసె అయితే?

అందుకే వాడవారీగా జాబితా రాద్దాం. పేరు మార్పు, కుల ధ్రువపత్రం దరఖాస్తులు ఇప్పుడే పెట్టించి, రసీదులు తీసుకుందాం. సరైన కప్పు లేని కుటుంబాలకు ఏం చేస్తారో అధికారులను రాతపూర్వకంగా అడుగుదాం. పేదరికమే అనర్హత కాకూడదు.