ఒంటె చూలు పదమూడు నెలలు

పశువుల చూలు లెక్క మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. మేక అయిదు నెలలు మోస్తుంది, ఆవు తొమ్మిది నెలలు దాటి, గేదె పది నెలలు. ఏనుగుకు దాదాపు ఇరవైరెండు. ఒళ్ళు పెద్దదైన కొద్దీ చూలు సాగుతుందని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. సౌదీ అరేబియా ఎడారిలో మాత్రం ఈ లెక్క కొంచెం తప్పుతుంది. అక్కడి ఒంటె బరువు ఇంచుమించు మన ముర్రా గేదె బరువే, సుమారు 500 కిలోలు. కాని దాని చూలు పదమూడు నెలలు.

పరిమాణం ఒక్కటే నిర్ణయించేదైతే ఈ తేడా రాకూడదు. ఇక్కడ రెండో లెక్క ఋతువుది. ఒంటె ప్రధానంగా చలికాలంలోనే ఎదకు వస్తుంది. ఆవులో మూడు వారాలకొకసారి అండం దానంతటదే విడుదలవుతుంది. ఒంటెలో జతకట్టిన తరువాతే విడుదలవుతుంది. ఈ చలికాలంలో చూలు నిలిస్తే, మరుసటి చలికాలంలో, అరకొర వానలకు పచ్చిక మొలిచే రోజుల్లో ఈనుతుంది. మోసే కాలం ఏడాది మించింది కనుక, పాలిచ్చే తల్లికి ఆ ఏటి ఋతువు సాధారణంగా దాటిపోతుంది. అందుకే రెండేళ్ళకొక ఈత. తొలి ఈతకే అయిదేళ్ళ వయసు రావాలి. ఆ పైన పదేళ్ళు ఈనినా అయిదు పిల్లలే.

పరిమాణపు లెక్కను సూత్రంగా మలచినవాడు మాక్స్ క్లైబర్. 1932లో ఆయన చూపినదేమంటే, జంతువు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి దాని బరువుతో సమంగా పెరగదు, బరువు 0.75 ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. పదహారు రెట్లు బరువైన జంతువుకు ఎనిమిది రెట్లు శక్తి చాలు. అంటే కిలోకు అయ్యే ఖర్చు సగమే. దానితోపాటు గుండె నెమ్మదిస్తుంది, ఎదుగుదల నెమ్మదిస్తుంది, ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరుగుతుంది. కొన్ని మందుల మోతాదును బరువును బట్టి కాక శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి కట్టే వైద్యులకు ఈ ఆలోచన కొత్తది కాదు. ఘాతం నాలుగింట మూడా, మూడింట రెండా అన్న తగాదా మాత్రం ఇంకా తీరలేదు. సగటు మనకు తెలుసు, కారణం మీద ఏకాభిప్రాయం లేదు.

ఈ నెమ్మదితనం ఎంత ప్రమాదకరమో అరేబియా ఓరిక్స్ చరిత్ర చెబుతుంది. దీని బరువు సుమారు 70 కిలోలు, ఒక పెద్ద మనిషంత. చూలు ఎనిమిదిన్నర నెలలు, ఈతకు ఒకే పిల్ల. మూడేళ్ళ ప్రాయానికి అది తానే తల్లి అవుతుంది. అదే బరువుకు ఎదిగే మనిషి పిల్ల ఆ వయసుకు ఇంకా మాటలు కూర్చుకుంటూ ఉంటుంది. (పెద్ద మెదడుకు మనం చెల్లించే మూల్యం అది. ఆ కథ వేరు.) ఒంటెల మీద వచ్చి బల్లేలతో వేటాడిన కాలంలో, ఏటికొక పిల్లతోనే ఓరిక్స్ నెగ్గుకొచ్చింది. మోటారు బళ్ళూ తుపాకులూ వచ్చాక ఆ వేగం చాలలేదు. 1972లో ఒమన్‌లో చివరి స్వేచ్ఛా ఓరిక్స్‌లూ అంతరించాయి.

బందీలుగా మిగిలినవాటి సంతతే మళ్ళీ ఎడారికి దిక్కయింది. సౌదీ ప్రభుత్వం 1986లో తాయిఫ్ దగ్గర వన్యప్రాణి పరిశోధన కేంద్రం నెలకొల్పింది. 1990లో మహాజత్ అస్ సయ్ద్ అనే కంచె వేసిన రక్షిత ప్రాంతంలో ఓరిక్స్‌లను విడిచారు. రీమ్ అనే ఇసుక జింకలనూ అక్కడికి చేర్చారు. రీమ్ బరువు పద్ధెనిమిది కిలోల ప్రాంతం. చూలు అయిదున్నర నెలలు, తరచు కవలలు. 1999 మొదలు 2008 వరకు కరువు పట్టిన వేసవుల్లో మేత లేక అక్కడ వందల ఓరిక్స్‌లు, వేల రీమ్‌లు చనిపోయాయి. వాన పడిన చోటికి వలసపోయే దారిని ఆ కంచే మూసింది.

చావుల సంఖ్యను చూసి రీమ్‌కే ఎక్కువ నష్టం జరిగిందనడం తొందరపాటు అని నా అభిప్రాయం. ఒంట్లోని కొవ్వు, కండ బరువుతో సమంగా పెరుగుతాయి; ఖర్చు అంతకన్నా నెమ్మదిగా పెరుగుతుంది. క్లైబర్ లెక్క ప్రకారం రీమ్ కంటే ఓరిక్స్ ఆకలికి సుమారు 1.4 రెట్ల కాలం, ఒంటె 2.3 రెట్ల కాలం ఓర్చుకోవాలి. చిన్నది ముందు పడిపోతుంది, కాని వానలు కురిస్తే కవలలతో త్వరగా పుంజుకోగలదు. పెద్దది ఆలస్యంగా పడిపోతుంది. ఈడొచ్చిన ఆడ ఓరిక్స్ ఒకటి పోతే, దాని స్థానంలోకి మరొకటి రావడానికి దాదాపు నాలుగేళ్ళు. కరువులో లెక్కించవలసింది కళేబరాలను కాదు, ఈనే వయసున్న ఆడవాటిని.

చిన్నదానికి వేరే ఉపాయం ఒకటుంది. తాయిఫ్ కేంద్రంలో రీమ్‌లకు మేత, నీరు తగ్గించి చూసినప్పుడు వాటి కాలేయమూ గుండె కూడా కుంచించుకుపోయాయి, విశ్రాంతిలో శక్తి వ్యయం పడిపోయింది. రోగిలో గుండె చిక్కిపోతే మేము కలవరపడతాం. ఈ జింక మాత్రం ఖరీదైన అవయవాలను తగ్గించుకుని, పద్ధెనిమిది కిలోల ఒంటితోనే, తనకంటే పెద్ద జంతువు పొదుపును కొంతకాలం అరువు తెచ్చుకుంటుంది.