మన్యమునకు వచ్చిన అతిథి



తన యింటికి నిప్పంటుకొన్నప్పుడు కడవ యెత్తుట యెల్లరకు సహజము. పరుల యింటి మంట నార్పుటకై తన ప్రాణము నొడ్డువాడు అరుదు. ఆంగ్లకవి బైరను గ్రీకుల స్వాతంత్ర్యమునకై వారి దేశమునకు పోయి, 1824 ఏప్రిలులో అచ్చటనే జ్వరముచే మరణించెను. 1936లో స్పెయిను ప్రజాప్రభుత్వమును కాపాడుటకు పెక్కు దేశముల యువకులు స్వచ్ఛందముగా పోయి పోరాడిరి. బైరను గతించిన నూరేండ్లకు, 1924 మే నెలలో, మా గూడెము కొండలవారి కష్టము తన కష్టమని తలచి యొక పల్లపుసీమ యువకుడు ప్రాణము విడిచెను. ఆయనయే అల్లూరి సీతారామరాజు. ఆయన విదేశీయుడు కాడు. కాని ఆనాటి మన్యమునకు పల్లపువాడు పరదేశి వంటివాడే. షావుకారుగనో, సర్కారు ఉద్యోగిగనో తప్ప పల్లపువాడు కొండ యెక్కుట యరుదు.

రాజు 1897 జులై 4న విశాఖపట్టణ మండలమందలి పాండ్రంగిలో జన్మించెను. తండ్రి వేంకటరామరాజు ఛాయాచిత్రములు తీయు వృత్తిలో నుండెను. ఆయన బిడ్డల చిన్నతనముననే పోవుటచే ముగ్గురిని పెంచు భారము తల్లి సూర్యనారాయణమ్మపై బడెను. కుమారుడు పెక్కు ఊళ్ల బడులలో చదివెనేగాని చదువు ముందునకు సాగలేదు. ఉద్యోగము చేసి యిల్లు నిలుపునని యే తల్లి యాశపడదు? ఆయన మాత్రము ఉత్తరదేశ యాత్రలు చేసి, 1917లో మన్యపు వాకిటనున్న కృష్ణదేవిపేట చేరెను.

అచ్చట ఆయన మొదట చేతబట్టినది తుపాకి కాదు. మూలికలతో వైద్యము చేసెను, జాతకములు చూచెను, జపతపములు చేసెను. సహాయనిరాకరణోద్యమ దినములలో ఖద్దరు కట్టి, కల్లుసారాలు మానుడనియు, తగవులను కోర్టులకు గాక పంచాయతీలలో తీర్చుకొనుడనియు బోధించెను. తాగుడు మానిన యింట ముందుగా సుఖపడునది ఇల్లాలు గదా! అట్టి మాట చెప్పిన పరదేశిని కొండవారు స్వామియని గౌరవించుటలో వింత లేదు.

ఇక నిప్పంటుకొన్న వైనము. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము వచ్చిన పిమ్మట, తాతలనాటి పోడు నేరమయ్యెను. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో సామలు, చోళ్లు చల్లుకొనుటయే పోడు. పోడు లేనిచో పొయ్యిమీద అంబలి లేదు. వంటచెరకునకును, చింతపండునకును అడవికి పోవు స్త్రీకి గార్డు అడ్డుపడు కాలము వచ్చెను. దీనికి తోడు నర్సీపట్టణము నుండి కొండమీదికి రోడ్డు వేయించుచు, గూడెము తహసీలుదారు బాస్టియను వెట్టిచాకిరి చేయించెను. సర్కారు మంజూరు చేసిన కూలి కూలివాని చేతికి రాలేదు. ముఠాదారుల పూర్వపు హక్కులు గూడ సన్నగిల్లెను. ఈ కోపము రాజు తెచ్చినది కాదు. 1879 నాటి రంప పితూరీయే యందులకు సాక్షి. బట్టిపనుకుల వాసులైన గాము గంతముదొర, గాము మల్లుదొర యను సోదరులు గాయపడిన మనస్సులతో నుండగా, రాజు వారికి నాయకుడయ్యెను.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను పట్టి, మొత్తము 26 తుపాకులు, తూటాలు కొనిపోయిరి. దొంగవలె గాక, తీసికొన్న వస్తువులకు రాజు చేవ్రాలు చేసి మరీ పోయెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో, ముందు నడచిన మనదేశపు సిపాయీలను పోనిచ్చి, వెనుక వచ్చిన ఆంగ్లాధికారులు స్కాటు కవర్డు, హైటరులను కూల్చిరి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెమువద్ద పితూరీదారులకు గొప్ప నష్టము కలిగెను. అయినను పోరు 20 నెలలకు పైగా సాగెను. మలబారు పోలీసులు చాలక, అస్సాము రైఫిల్సు దళమును గూడ సర్కారు రప్పింపవలసి వచ్చెను.

1924 మే 7న రాజును మంపవద్ద పట్టి, కొయ్యూరులో విచారణ లేకయే కాల్చి చంపిరి. పారిపోవ యత్నించెనని అధికారులు వ్రాసికొనిరి. అప్పటి కాయనకు 27 ఏండ్లు నిండలేదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి గలదు.

ఇంతవరకు మనమందరము ఎరిగిన కథయే. 1974లో చలనచిత్రము గూడ వచ్చెను. 2022లో ఈ కొండసీమ జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. అది న్యాయమే. కాని అతిథి పేరు నిలిచిన చోట ఆతిథేయుల పేరు గూడ నిలువవలదా? గంతముదొర నాయకుని మరణానంతరమును లొంగక, ఒక నెలలో, 1924 జూనులో, పోరుచునే కూలెను. 1923లో పట్టుబడిన మల్లుదొర శిక్ష ననుభవించి, 1952లో విశాఖపట్టణము నుండి తొలి లోకసభకు ఎన్నికయ్యెను. పల్లపుసీమ నుండియే వచ్చిన అగ్గిరాజు, అనగా వేగిరాజు సత్యనారాయణరాజు, అండమానునకు పంపబడి యచ్చటనే గతించెను.

పేరులేని వారు ఇంకెందరో! ఇరువది నెలలు అడవిలో నున్న మనుష్యులకు తిండి గింజ యే కుండలోనుండి వచ్చెను? ప్రతి మెతుకును పండించినదియు, దంచినదియు, వండినదియు నొక చేయి. తుపాకి పట్టినవానికి పారిపోవుటకు కొండ యుండెను. గుడిసెలో బిడ్డలతో మిగిలిన స్త్రీకి పోలీసుల యెదుట నిలుచుట తప్ప వేరుదారి లేదు. ఆమె నోరు విప్పియున్నచో ఆ పోరు ఇరువది నెలలు నిలిచియుండెడిదా?

కావున మన బిడ్డలకు రాజుకథ చెప్పునపుడు రెండు మాటలు గూడ చేర్చి చెప్పుదము. పరుల కష్టము తనదని తలచుట గొప్పగుణము, అది రాజు నేర్పెను. ముక్కుమొగ మెరుగని వానిని నమ్మి, ఉన్న అంబలిలో పాలు పెట్టి, ఆ నమ్మకమునకై సర్వమును పోగొట్టుకొనుట అంతకంటె తక్కువ గుణము కాదు, అది కొండవారు నేర్పిరి. సంతలో అడ్డాకులు, చింతపండు తెచ్చి యమ్ము కొండ ఆడువారితో కొద్దిపాటి సొమ్మునకు బేరమాడునపుడు, వీరి ముత్తవ్వలు ఏమి యిచ్చిరో మనము తలచుకొన్న చాలును.