ఆరోగ్య కార్యకర్తలకు ఆన్‌లైన్ పాఠాలు

2022 వరకు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండిన శ్రీహరికోట నుండి 2004 సెప్టెంబరు 20న ‘ఎడ్యుశాట్’ ఉపగ్రహం ప్రయోగింపబడింది. 1,950 కిలోగ్రాముల బరువు గల ఈ ఉపగ్రహం కేవలం విద్యాబోధన కొరకే మన దేశం నిర్మించిన వాటిలో మొదటిది. భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, ఒకచోట చెప్పిన పాఠాన్ని దేశంలో అనేక తరగతులకు ఒకేసారి అందజేసింది. రేడియో తరంగాల వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. కావున పాఠం పైకి పోయి తిరిగి నేలకు చేరటానికి పావు సెకను చాలు. ఎడ్యుశాట్ సేవ 2010లో ముగిసింది. నేడు ఇట్టి పాఠాలను ఇంటర్నెట్టు సెల్‌ఫోనుకే చేరుస్తున్నది.

ప్రజలకు ఆరోగ్య విషయాలు బోధించే ఆశా కార్యకర్తలకు, ఏ.ఎన్.ఎం.లకు ఈ పద్ధతి ఎంతో అనుకూలం. మైపాడు వంటి తీరగ్రామంలోని కార్యకర్త శిక్షణకై వారం రోజులు పట్టణానికి పోతే, ఆ వారం గ్రామంలో ఆమె పని నిలిచిపోతుంది. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఒకచోట గుమికూడి నేర్చుకోవటమే ప్రమాదకరమైంది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ‘దీక్షా’ వేదికపై ‘ఐగాట్’ పేరున ఆరోగ్య సిబ్బందికి పాఠాలు ఏర్పాటు చేసింది.

ఆన్‌లైన్ పాఠాలు రెండు విధాలు. ప్రత్యక్ష పాఠంలో వెంటనే ప్రశ్నలు అడగవచ్చు. కాని సిగ్నలు బాగుండాలి. నిల్వచేసిన పాఠాన్ని తీరిక దొరికినపుడు, ఎన్నిసార్లయినా వినవచ్చు. కాని సందేహం తీర్చేవారు ఎదుట ఉండరు.

పాఠం కార్యకర్తకు చేరినంత మాత్రాన తల్లికి చేరినట్లేనా? ఒక ఉదాహరణ చూద్దాం. తుఫాను తరువాత తాగునీరు కలుషితమై పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. విరేచనాలు అవుతుంటే నీళ్లు పట్టరాదనే అపోహ కొందరిలో ఉన్నది. నిజానికి బిడ్డ ప్రాణం తీసేది శరీరంలోని నీరు, లవణాలు పోవటమే. చిన్నప్రేగు గోడలో గ్లూకోజు, సోడియం జతగా లోనికి పోతాయి. వాటి వెంట నీరూ పోతుంది. అందుకే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. ఉప్పు ఎక్కువైతే హాని. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇట్టి ద్రావణాన్ని విరివిగా వాడగా, కలరా మరణాలు నూటికి 30 నుండి 4 లోపుకు తగ్గాయి.

ఈ కొలతలను తల్లి మరచిపోతే పాఠం వృథా. 1980లో బంగ్లాదేశ్‌లో ‘బ్రాక్’ సంస్థ ఇంటింటికీ బోధకులను పంపింది. కొన్నాళ్ల తరువాత తల్లులను ప్రశ్నించి, వారికి ఎంత జ్ఞాపకమున్నదో చూసి, దానినిబట్టి బోధకులకు వేతనం నిర్ణయించింది. చెప్పినదానికి కాక, నిలిచినదానికి విలువ కట్టిందన్నమాట.

ఆన్‌లైన్ శిక్షణకు కూడా ఇదే గీటురాయి. పాఠం చివర సరియైన జవాబుకు గుర్తు పెట్టించి ధ్రువపత్రం ఇస్తే చాలదు. “అమ్మా, ఎట్లా కలుపుతావో ఒకసారి చేసి చూపించు” అని అడిగే అలవాటును కార్యకర్తకు నేర్పాలి. తప్పు కలిపితే మందలించక మళ్లీ చూపాలి. ఆ సంభాషణను కార్యకర్తలు ఒకరితో ఒకరు అభ్యసించి, ఫోనులో రికార్డు చేసి పంపితే, దూరాన ఉన్న శిక్షకుడు విని సరిదిద్దవచ్చు.

తరగతిలోనూ ఈ పరీక్ష పెట్టవచ్చు. ద్రావణం పాఠం చెప్పిన వారం రోజులకు, విద్యార్థి చేత దానిని కలిపించి చూడండి.