డ్రిప్పుకు మల్చింగ్‌ తోడైతే.. కూరగాయలకు భరోసా

ఆలేరు: ఎర్ర చల్కా నేలలు, ఎండలు ముదిరేకొద్దీ అడుగంటే బోర్లు.. ఆలేరు ప్రాంతంలో వేసవి కూరగాయలు సాగుచేసే రైతులకు ఇది ఏటా ఎదురయ్యే పరీక్ష. కాత సమయంలో నీరందకపోతే పెట్టుబడి మట్టిపాలవుతుంది. కొత్త బోరు వేయిస్తే అప్పు మీద పడుతుంది. ఉన్న నీటినే చివరి కోత వరకు సరిపెట్టుకోవాలంటే బిందుసేద్యం, మల్చింగ్‌ రెండింటినీ కలిపి పాటించడం మేలు.

ఉమ్మడి రాష్ట్రంలో 2003 నవంబరులో సూక్ష్మసేద్య పథకం (ఏపీఎంఐపీ) మొదలైన తర్వాత డ్రిప్పు వాడకం విస్తరించింది. అయితే డ్రిప్పు ఒక్కటే అమర్చితే తడిసిన నేలపై ఎండ పడి కొంత నీరు ఆవిరవుతుంది. కలుపూ మొలుస్తుంది. లేటరల్‌ పైపులపై షీటు కప్పితే ఈ రెండు నష్టాలూ తగ్గుతాయి.

బోరును బట్టే అమరిక

వరుసల మధ్య 120 సెంటీమీటర్లు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్ల దూరం ఉంటే ఎకరానికి సుమారు 8,400 డ్రిప్పర్లు పడతాయి. ఒక్కొక్కటి గంటకు 2 లీటర్లు వదిలితే దాదాపు 17 వేల లీటర్లు కావాలి. బోరు అందులో సగమే పోస్తే ఎకరాన్ని రెండు భాగాలు చేసి, గేటువాల్వుల సాయంతో ఒకదాని తర్వాత మరొకటి తడపాలి. లేకుంటే ఒత్తిడి చాలక చివరి మొక్కలు ఎండిపోతాయి.

షీటు పరిచే విధానం

ఎత్తు మడులపై లేటరల్‌ పైపులు పరచి, నీరు వదిలి ప్రతి డ్రిప్పరును పరిశీలించిన తర్వాతే షీటు కప్పాలి. టమాట, మిరప, వంగ పంటలకు 25 నుంచి 30 మైక్రాన్ల షీటు వాడవచ్చు. వెండి రంగు పైకి, నలుపు కిందికి ఉండాలి. వెండి రంగు కాంతిని వెనక్కి మళ్లించి పేనుబంక, తెల్లదోమ ఉద్ధృతిని తగ్గిస్తుంది. నలుపు వెలుతురును అడ్డుకుని కలుపును అణచివేస్తుంది. గాలికి లేవకుండా అంచులను మట్టితో కప్పాలి.

ఇవీ జాగ్రత్తలు

* ఫిల్టరును తరచూ శుభ్రం చేయాలి. లవణాలు పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతే ఉద్యాన సిబ్బంది సూచన మేరకు ఆమ్ల చికిత్స చేయాలి.

* పూర్తిగా కరిగే ఎరువులనే డ్రిప్పు ద్వారా ఇవ్వాలి.

* షీటు కింద తడి పైకి కనిపించదు. వేళ్ల వద్ద మట్టిని చేత్తో పరీక్షించి నీరు వదలాలి. తడి ఎక్కువైతే వేరుకుళ్లు సోకుతుంది.

* పంట ముగిశాక షీటును పూర్తిగా తొలగించాలి. దున్నితే ముక్కలు నేలలోనే మిగిలిపోతాయి. కాల్చితే విషవాయువులు వెలువడతాయి. తక్కువ విస్తీర్ణంలో వరిగడ్డి పరచినా తేమ నిలుస్తుంది.

నీరు ఆదా అయిందని వెంటనే సాగు విస్తీర్ణం పెంచితే బోరుపై భారం మళ్లీ మొదటికే వస్తుంది. ఆదా చేసిన నీటిని భూమిలోనే ఉంచితేనే నడివేసవిలో బోరు ఆదుకుంటుంది.