దొంగమాలు – వాడ కొనుగోలు: చౌకకు ధర కట్టేదెవరు?

పైసలు తక్కువున్న మనిషి దొంగమాలు కొంటే తప్పా, కాదా? ఊరి పెద్దమనుషులు అడిగితే ఈ ప్రశ్నకు ఒక అర్థం ఉంటుంది. వాడలో మనకు మనం అడుక్కుంటే ఇంకో అర్థం ఉంటుంది. పెద్దమనుషుల ప్రశ్నలో జవాబు ముందే దాగుంది. ఏ వస్తువు పోయినా ముందుగాల వాడ దిక్కే చూడాలన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కకు జంకే మన ఉద్యమాలు ఈ విషయాన్ని చాలావరకు ముట్టుకోలేదు. ముట్టుకుంటే మనోళ్లనే దొంగలను చేసినట్టయితదన్న భయం. ఆ భయానికి కారణాలున్నాయి. కాని మాట్లాడకుండా వదిలేస్తే నష్టపోయేది కూడా వాడే. అమరచింత చుట్టుపక్కల, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల కూలినాలి బతుకులను ముందు పెట్టుకుని ఈ ప్రశ్నను విప్పి చూడాలనుకుంటున్నాం.

కొనేదెవరు, ఎందుకు?

అమరచింత మగ్గాల ఊరు, జూరాలకు దగ్గరి ఊరు. అయినా మగ్గం మీదనో పొలం మీదనో ఏడాదంతా గడవని కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. 'పాలమూరు లేబర్' అన్న పేరు ఈ నేల నుంచి వలసపోయిన వాళ్లకు పడిందే. హైదరాబాదుకో ముంబైకో కట్టడాల పనికి పోయివచ్చే మనిషికి పైసలు ఒక్కసారే వస్తయి, అప్పులకు ఒక్కసారే పోతయి. అట్లాంటి ఇంట్లో కొత్త వస్తువు కొనడమంటే వాయిదాల మీద కొనడం, అంటే అసలు ధర కంటే ఎక్కువకు కొనడం. ఉన్నోడికి నగదు ధర, లేనోడికి వడ్డీ ధర. బిల్లు లేని వస్తువు పావు ధరకు వచ్చిందంటే, లేనోడికి అది మొదటిసారి చేతికందిన వస్తువు.

2020లో కరోనాకు బడులు మూతబడ్డాక, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు మొదలుపెట్టారు. టీవీ లేని ఇంట్లో ఫోను పలకా బలపమంత అవసరమైంది. ఒక కూలి తల్లిని ఊహించుకుందాం. కొత్త ఫోను ఎనిమిది వేలు. తెలిసినాయన తెచ్చిన ఫోను రెండు వేలు. డబ్బా లేదు, బిల్లు లేదు. "ఎక్కడిదన్నా ఇది?" అంటే, "నీకెందుకక్కా, మంచిగ నడుస్తది గద" అంటాడు. ఆమె ఇంకో మాట అడగదు. ఆ అడగకపోవడంలోనే మన చర్చంతా ఉంది.

దొంగమాలు కొనేవాళ్లలో మూడు రకాలున్నారు. తెలియక కొన్నవాళ్లు. తెలిసి కొన్నవాళ్లు. తెలుసుకోకుండా ఉండడానికి అడగడం మానుకున్నవాళ్లు. మొదటివాళ్ల మీద తప్పు లేదు. రెండోవాళ్లలో, కొని అమ్ముకునే వ్యాపారికీ ఆకలికి గింజలు కొన్న మనిషికీ తేడా చూడాల్సిందే. ఆకలి ఆ మనిషిని క్షమించడానికి కారణమవుతుంది. ఆ వ్యాపారాన్ని మాత్రం శుభ్రం చెయ్యదు. ఇక మూడోవాళ్లే ఎక్కువమంది. చట్టమూ నీతీ రెండూ పరీక్షపెట్టేది వాళ్లనే.

చట్టం మాట, స్టేషను మాట

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 411వ సెక్షను దొంగసొత్తు పుచ్చుకున్నవాళ్లకు మూడేళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను కింద అదే శిక్ష ఉంది. దొంగదని తెలిసి, లేదా అట్లా నమ్మడానికి తగిన కారణం ఉండి పుచ్చుకుంటేనే నేరం. తెలియక కొన్నవాళ్లు నేరస్తులు కారు. 1954లో త్రింబక్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. సొత్తు నిందితుడి దగ్గర ఉండాలి, అంతకుముందు అది ఇంకొకరి చేతిలో ఉండాలి, దొంగదని నిందితుడికి తెలిసి ఉండాలి. ఈ మూడూ ప్రభుత్వపక్షమే రుజువు చెయ్యాలి.

కాగితం మీద ఇది మంచి రక్షణే. కాని సాక్ష్య చట్టంలో ఇంకో మాట ఉంది. పాత చట్టంలో 114వ సెక్షను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 119వ సెక్షను. దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ వస్తువు ఎవరి దగ్గరైనా దొరికి, అది ఎట్లా వచ్చిందో వాళ్లు చెప్పుకోలేకపోతే, వాళ్లే దొంగలనో తెలిసి పుచ్చుకున్నారనో కోర్టు అనుకోవచ్చు. చెప్పుకోవడమంటే ఆచరణలో ఏమిటి? కాగితం చూపడం. దుకాణంలో కొన్న ఉద్యోగి బిల్లు చూపిస్తాడు. మాట మీద కొని మాట మీద బతికే వాడ ఏం చూపిస్తుంది? ధర మరీ తక్కువైతే, ఆ తక్కువ ధరనే "నమ్మడానికి కారణం" కింద లెక్కగట్టే వీలుంది. అంటే మన లేమి మనమీదే సాక్ష్యమైతది.

నేరం రుజువు కాకపోయినా వస్తువు దక్కదు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షను సారం. నిజాయితీగా కొన్నా వస్తువు అసలు హక్కుదారుకే పోతుంది. మన పైసలు అమ్మినవాడి దగ్గర అడిగే హక్కు మనకుంది. కాని అప్పటికి వాడెక్కడుంటాడు? ఆ తల్లి రెండు వేలూ పోతయి, ఫోనూ పోతది, స్టేషను చుట్టూ తిరిగిన కూలి రోజులు కూడా పోతయి.

సొత్తు ఎవరిది, దొంగ ఎవరు?

సొత్తు అన్నది ఈ దేశంలో ఎన్నడూ కులం బయట లేదు. శూద్రుడికి తనదంటూ ఏమీ లేదు గనక అతని సొమ్మును బ్రాహ్మణుడు జంకు లేకుండా తీసుకోవచ్చని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. చండాలులకు శవాల మీది బట్టలు, పగిలిన పాత్రలు, ఇనుప నగలు చాలని పదో అధ్యాయం చెబుతుంది. కొత్తది, సొంతది అన్న మాటే వాడకు నిషేధం. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ సమక్షంలో తగలబడింది ఆ స్మృతే.

గద్వాల, వనపర్తి, అమరచింత సంస్థానాల నేల ఇది. 1949లో జాగీర్లు రద్దయిందాకా సంస్థానాల ఏలుబడి సాగింది. తెలంగాణ పల్లెల్లో మాదిగలు కుట్టిన చెప్పులు, మోటబొక్కెనలు, పగ్గాలు దొరల ఇళ్లకు వెట్టి కింద పైస లేకుండా పోయేవి. అట్లా గుంజుకున్నదాన్ని ఊళ్లో ఎవరూ దొంగమాలు అనలేదు. ఇంకోదిక్కు, 1871లో బ్రిటిషువాళ్లు తెచ్చిన నేరస్త జాతుల చట్టం పుట్టుకనే నేరం చేసింది. మద్రాసు రాజ్యంలో ఎరుకలవాళ్లను ఆ చట్టం కింద స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1952లో చట్టం రద్దయినా ఆ చూపు రద్దు కాలేదు. విముక్త జాతులను అలవాటు నేరస్తుల లెక్కన చూసే జైలు నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టివేసింది 2024 అక్టోబరు 3న. అంటే డెబ్బై రెండేళ్లకు.

పెద్ద కొనుగోళ్ల సంగతి కూడా చూద్దాం. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను అమ్మడం, కొనడం చెల్లదని 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. ఆ చట్టం మొదట రాసినప్పుడు కొన్నవాళ్లకు పెట్టిన శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఫోను కొన్న తల్లికి మూడేళ్ల దాకా, దళితుడి ఎకరాలు కొన్న ఆసామికి ఆరు నెలల దాకా. అయితే ఆ చట్టంలోనే మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. చట్టం రాకముందు నిజాయితీగా, తగిన ధర ఇచ్చి కొనుక్కున్న భూమిలేని నిరుపేదను అది మినహాయించింది. కొన్నవాళ్ల స్థితిని, వాళ్ల మనసును చూసి తూకం వెయ్యడం చట్టానికి చేతగాని పనేం కాదన్నమాట. భూమి విషయంలో చేసినది ఫోను విషయంలో ఎందుకు చెయ్యదు?

"ఉన్నోడిదే గద పోయింది"

ఇంత చరిత్ర చెప్పినంక కొందరు మిత్రులు ఒక ముగింపుకు వస్తారు. తరతరాలుగా మనదే గుంజుకున్నారు, వాళ్లది మన చేతికొస్తే తప్పేంది? ఈ వాదంలో కోపం న్యాయమైందే. లెక్క మాత్రం తప్పు.

మొదటి తప్పు: పోయేది ఉన్నోడిదే కాదు. ఉన్నోడి ఇంటికి గోడ ఉంది, కెమెరా ఉంది, కాపలా ఉంది. రాత్రి పొలంలో మిగిలేది చిన్నరైతు మోటారు, బోరు కాడి కేబులు. దొడ్లో ఉండేది ఒంటరి ముసలమ్మ మేక. అడ్డా మీద జేబులోంచి జారేది కూలివాడి ఫోను. రాగికోసం ట్రాన్స్‌ఫార్మరు పగలగొడితే దాని కింద ఉన్న పొలాలన్నీ ఎండుతయి. 2014 ఆగస్టు 15న మొదలైన దళితులకు మూడెకరాల పథకంలో భూమి అందినవాళ్ల పంటకైనా కేబులుంటేనే నీళ్లు. చౌకగా కొన్న కేబులు ఇంకో వాడ నుంచే వచ్చి ఉండొచ్చు.

రెండో తప్పు: ఉన్నోడిది పోయినప్పుడు కూడా దెబ్బ తగిలేది మనోళ్లకే. బంగళాలో నగ పోతే ముందు పట్టుకునేది పనిమనిషిని, వాచ్‌మన్‌ను, వంటమనిషిని. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరులో, ఇంట్లో డబ్బు పోయిందన్న ఫిర్యాదు మీద పట్టుకొచ్చిన దళిత వంటమనిషి మరియమ్మ పోలీసుల అదుపులో చనిపోయింది. తర్వాత ముగ్గురు పోలీసులను ఉద్యోగం నుంచి తీసేశారు. 2024 జులైలో, మన పాత పాలమూరు జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్‌లో, బంగారం పోయిందన్న ఫిర్యాదు మీద ఒక దళిత మహిళను స్టేషనులో చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణ వచ్చింది. ఇన్‌స్పెక్టరుతో సహా పోలీసులను సస్పెండ్ చేశారు. దొంగమాలుకు గిరాకీ ఉన్నంతకాలం దొంగతనం ఉంటుంది. దొంగతనం ఉన్నంతకాలం అనుమానం మొదట వాలేది మన గడప మీదే. కొనేవాళ్లు ఆ లెక్క కూడా వెయ్యాలె.

మూడో తప్పు: లాభం మనకు రాదు. దొంగకు దక్కేది కొంతే, మనకు మిగిలేది కొంతే. మధ్యలో కొని, కరిగించి, విడదీసి, అమ్మేవాడిదే పెద్ద వాటా. అలవాటుగా దొంగమాలు వ్యాపారం చేసేవాడికి చట్టంలో యావజ్జీవం దాకా శిక్ష ఉంది. రికవరీ పేరుతో జీపు ఆగేది మాత్రం చివరగా కొన్న గుడిసె ముందర.

ఇవ్వనిది తీసుకోవడం

దొంగతనం చెయ్యరాదన్న నీతిని మనం మనువు నుంచి తీసుకోనక్కర లేదు. మనకు వేరే వనరు ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేద్కర్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో పద్నాలుగోది దొంగతనం గురించే. పంచశీలలో రెండో శీలానికి పాలీలో ఉన్న మాట 'అదిన్నాదానం'. అంటే ఇవ్వనిదాన్ని తీసుకోవడం. ఈ మాట దొంగ దగ్గరే ఆగదు. ఫోను మనకిచ్చినాయనకు దాన్ని ఇచ్చే హక్కు లేదు. ఇవ్వగలిగిన మనిషి ఇంకెక్కడో వెతుక్కుంటున్నడు. బౌద్ధ వ్యాఖ్యానాలు ఈ శీలం తప్పడానికి పెట్టిన షరతుల్లో, అది పరులదని తెలిసి ఉండడం ఒకటి. అందుకే "ఎక్కడిది?" అన్న ప్రశ్న అడగడమే మొదటి నీతి.

సొత్తు మీద హక్కునే మనకు లేకుండా చేసిన సమాజం ఇది. నాదన్న వస్తువును నాదని చూపెట్టి తలెత్తి నడవడం మనకు పోరాడితే వచ్చింది. చీకట్లో కొని, ఎవరన్నా చూస్తరేమోనని కొంగుచాటున దాచుకునే వస్తువు ఆ హక్కును ఇయ్యదు.

చెయ్యాల్సిన పనులు

ఉపదేశం సులువు. అందుకే చెయ్యగలిగిన పనులే చెబుతున్నాం. పాత వస్తువు కొనడం తప్పు కాదు, కాగితం లేకుండా కొనడం ప్రమాదం. అమ్మినవాడి పేరు, ఊరు, ఫోను నంబరు, ధర, తేదీ, ఇద్దరు సాక్షుల సంతకాలతో తెల్లకాగితం మీద రాసుకున్నా అది సంజాయిషీకి పనికొస్తుంది. రాయనన్నవాడి దగ్గర కొనొద్దు. ఫోనయితే *#06# కొట్టి పదిహేను అంకెల నంబరు చూడాలి. కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి, జాగా వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోను వివరం తెలుస్తుంది. 2023 మేలో మొదలైన సంచార్ సాథీలో కూడా ఈ సదుపాయం ఉంది. బండయితే ఇంజను, చాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి, పేరు మార్పిడి అయ్యేదాకా పూర్తి పైకం ఇయ్యొద్దు. మేకలు, పశువులు పెబ్బేరు లాంటి అంగట్లో నలుగురి ముందర కొని చిట్టీ దాచుకోవాలి.

కొన్నంక అనుమానమొస్తే ఇంకొకరికి అమ్మొద్దు. అప్పుడు అడగకపోవడం కాస్తా తెలిసి మోసం చెయ్యడమైతది. సంఘం మనిషినో వకీలునో వెంటబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పడమే దారి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. దానికి ఫోను నంబరు 15100. ఆడవాళ్లను సాక్షులుగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలి.

సంఘాల బాధ్యత ఇంకా పెద్దది. పొదుపు సంఘాలు బిల్లుతో కొనే పాత ఫోనుకు, పాత మోటారుకు చిన్న అప్పు ఇయ్యగలిగితే రెండు వేల దొంగఫోను మీద మోజు సగం తగ్గుతుంది. పాఠం ఫోనులో చెబుతామన్న ప్రభుత్వం ఫోను గురించి కూడా జవాబు చెప్పాలని టీచర్లు, విద్యార్థులు అడగాలి. దొంగమాలు వ్యాపారి లైసెన్సు దుకాణంలో హాయిగా కూర్చుంటే, కొన్న కూలిమనిషి లాకప్‌లో ఎందుకుందని కార్యకర్తలు అడగాలి. వాడలో మనం "ఎక్కడిది?" అని అడగడం నేర్చుకున్ననాడు, అదే ప్రశ్నను ఊరి ఆస్తుల గురించీ గట్టిగా అడిగే హక్కు మనకు మరింత బలంగా ఉంటుంది.