అపరిచితమైన అటాచ్‌మెంటు - దానిని తెరచు విధానము

నేటి విద్యార్థి జీవితమున ఇ-మెయిలు ప్రవేశింపని ఘట్టము లేదనుట అతిశయోక్తి కాదు. ప్రవేశపు దరఖాస్తు మొదలు ఉపకార వేతనపు ఉత్తర్వు వరకు, పరీక్షల కాలపట్టిక మొదలు ఉద్యోగపు పిలుపు వరకు అనేక విషయములు అందులోనే వచ్చుచున్నవి. ఉత్తరమునకు జతపరచి పంపిన ఫైలును అటాచ్‌మెంటు అందురు. అసలు విషయము పెక్కుసార్లు ఉత్తరములో గాక ఈ అటాచ్‌మెంటులోనే ఉండును. అది తెరచుకొననిచో గడువు దాటిపోవచ్చును. తెరువరానిదానిని తెరచినచో కంప్యూటరే పాడుకావచ్చును. ఈ రెండు ప్రమాదముల నడుమ విద్యార్థి నడువవలసిన దారి ఎట్టిదో ఇచ్చట వివరింపదలచినాము.

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలు మాత్రమే తెలియును. వ్యాసమైనను, ఛాయాచిత్రమైనను, పాటయైనను దానికి సంఖ్యల వరుసయే. ఆ సంఖ్యలను ఏ క్రమమున అమర్చవలెనో, ఎట్లు చదువవలెనో నిర్ణయించు ఒడంబడికయే ఫైలు ఫార్మాటు. తొలినాళ్ల ఇ-మెయిలు ఇంగ్లీషు అక్షరములను మాత్రమే మోయగలిగెడిది. 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అను ఇరువురు మైమ్ అను పద్ధతిని రూపొందించిరి. ఈ పద్ధతిలో సాధారణముగా ఫైలులోని ప్రతి మూడు బైట్లు నాలుగు అక్షరములుగా మారి ప్రయాణము చేయును. గమ్యము చేరిన పిమ్మట తిరిగి పూర్వరూపము పొందును. ఫైలు ఏ జాతిదో తెలుపు చీటీ కూడ వెంట వచ్చును.

ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చు కొన్ని అక్షరములను ఎక్స్‌టెన్షన్ అందురు. పి.డి.ఎఫ్., డాక్స్, జిప్ అనునవి ఇట్టివే. ఏ ప్రోగ్రాముతో తెరువవలెనో కంప్యూటరు సాధారణముగా దీనిని చూచియే నిర్ణయించును. కాని ఇది సీసాకు అంటించిన కాగితము వంటిది. కాగితము మార్చినంతమాత్రమున లోపలి మందు మారదు. కావున తెరచుకొనని ఫైలు పేరు చివర పి.డి.ఎఫ్. అని వ్రాసినచో అది పి.డి.ఎఫ్. కాజాలదు. ఫైలు యొక్క నిజమైన జాతి దాని ఆరంభములో ఉండును. పి.డి.ఎఫ్. ఫైలు శాతపు గుర్తుతోను, ఆపై పి, డి, ఎఫ్ అను అక్షరములతోను మొదలగును. జిప్ ఫైలు పి, కె అను అక్షరములతో ఆరంభమగును. ఇవి దానిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరములు. 2007 నాటి వర్డ్‌తో వచ్చిన డాక్స్ ఫైలు కూడ లోపల జిప్ మూటయే. విండోస్ ప్రోగ్రాములు ఎం, జెడ్ అను అక్షరములతో మొదలగును. మార్కుల జాబితా యని వచ్చిన ఫైలు ఈ అక్షరములతో ఆరంభమైనచో అది జాబితా కాదు, ప్రోగ్రాము అని గ్రహింపవలెను.

మన రెండు భాషల విషయమున ఈ చిక్కు మరింత జటిలము. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో అక్షరములు వాలుగా ఒకదానితో ఒకటి కలిసిపోవును. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ కృషితో వెలువడిన నూరీ నస్తాలీఖ్ కొరకు వేలాది అక్షర సంయోగములను సిద్ధము చేయవలసి వచ్చెను. తరువాత ఇన్‌పేజ్ అను సాఫ్ట్‌వేరు ఉర్దూ ముద్రణలో స్థిరపడెను. అయితే దాని ఫైలు మరియొక ప్రోగ్రామునకు అర్థము కాదు. తెలుగున డి.టి.పి. కేంద్రములు పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కూర్చిన రచనలును ఇట్టివే. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యల స్థానమున తెలుగు ఆకారములను నిలిపినవి. కనుక ఫాంటు లేని కంప్యూటరులో చక్కని తెలుగు పద్యము అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా కనిపించును. రచన పాడయినదని భ్రమపడి దానిని తుడిచివేయరాదు.

ఈ చిక్కునకు విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి సంపుటిలోనే తెలుగునకును, ఉర్దూకు ఆధారమైన అరబ్బీ లిపికిని స్థానము లభించినది. 'క' అను అక్షరమునకు 3093, అలిఫ్‌నకు 1575 అను సంఖ్యలు కేటాయింపబడినవి. లోకమున ఎచ్చట తెరచినను ఆ సంఖ్యలకు ఆ అక్షరములే అర్థము.

ఇక ప్రమాదము సంగతి. 2000 మే నెలలో ప్రేమలేఖ యను పేరిట ఒక అటాచ్‌మెంటు లోకమంతట వ్యాపించెను. దాని పేరులో మొదట టి.ఎక్స్.టి. అనియు, పిమ్మట వి.బి.ఎస్. అనియు రెండు ఎక్స్‌టెన్షన్లుండెను. విండోస్ చివరిదానిని దాచిపెట్టుట వలన అది సామాన్యమైన ఉత్తరమువలె కనిపించినది. తెరచినవారి ఫైళ్లను చెరిపి, వారి చిరునామా పుస్తకములోని వారందరికి తనను తాను పంపుకొన్నది. నేడు పెండ్లి శుభలేఖల పేరిట ఫోనునకు వచ్చు ఎ.పి.కె. ఫైళ్లును ఈ కోవకు చెందినవే. శుభలేఖకు బొమ్మ చాలును, ప్రోగ్రాముతో పనిలేదు.

కావున అపరిచితమైన ఫైలు వచ్చినపుడు పాటింపవలసిన క్రమమిది. మొదట పంపినవారెవరో, మనము దానిని ఎదురుచూచుచుంటిమో లేదో విచారింపవలెను. పరిచితుల పేరిట వచ్చినను సందేహమున్నచో ఫోను చేసి అడుగవలెను. రెండవది, ఎక్స్‌టెన్షన్ దాగియుండకుండునట్లు కంప్యూటరులో అమర్చుకొనవలెను. ఇ.ఎక్స్.ఇ., వి.బి.ఎస్., ఎ.పి.కె. అనునవి కనిపించినచో తెరువరాదు. మూడవది, పత్రమే యని నిశ్చయమైనచో ఉచితముగా లభించు లిబ్రె ఆఫీసుతో ప్రయత్నింపవచ్చును. పాత వర్డ్ ఫైళ్లనే గాక పేజ్‌మేకరు ఫైళ్లను కూడ అది కొంతవరకు తెరువగలదు. విన్‌మెయిల్ డాట్ డాట్ అను ఫైలు వచ్చినచో దోషము అవుట్‌లుక్ పంపిన పద్ధతిలోనిది. ఉత్తరమును సాదా పాఠముగా మార్చి తిరిగి పంపుమని కోరవలెను. నాల్గవది, ఆధార్, ఆదాయ ధ్రువపత్రము వంటివానిని మార్పిడి చేయుటకై తెలియని వెబ్‌సైట్లకు అప్పగింపరాదు. అన్నిటికంటె సులభమైన మార్గము పంపినవారినే పి.డి.ఎఫ్. అడుగుట. ఇందులో నామోషీ ఏమియు లేదు. మోసపోయి ధనము కోల్పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పంపువారికిని ధర్మమొకటి గలదు. దరఖాస్తులను పి.డి.ఎఫ్.గాను, రచనలను యూనికోడ్‌లోను పంపి, ఫైలు పేరులో తమ పేరును, తరగతిని తెలుపవలెను. కళాశాల సంఘము వారికి మా విన్నపమొకటి. సంచిక అచ్చయిన వెంటనే ముద్రణాలయము నుండి పి.డి.ఎఫ్. ప్రతిని, యూనికోడ్ పాఠమును తీసికొని గ్రంథాలయమున భద్రపరచవలెను. పేజ్‌మేకరు చివరి రూపము 7.0 వెలువడినది 2001లో. దాని ఫైళ్లను తెరువగల యంత్రములు నానాటికి తగ్గుచున్నవి. చెదలు తినిన కాగితములో కొన్ని అక్షరములైనను మిగులును; తెరచుకొనని ఫైలులో చదువరికి ఒక్కటియు మిగులదు. విద్యార్థుల తొలి రచనలు, ఉర్దూవైనను తెలుగువైనను, అట్టి గతి పొందకుండ చూచుట మనందరి బాధ్యత.