కొండ తొలిచారు... ఊళ్లు కదలలేదు

మార్కాపురం: నల్లమల కొండను తొలిచి రెండు సొరంగాలు వేశారు. ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. మొదటిది 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. 2024 మార్చి 6న ప్రారంభోత్సవమూ జరిగింది. ఆ ఏడాదే శ్రీశైలం నిండి, గేట్లెత్తి కృష్ణ నీటిని కిందికి వదిలారు. నల్లమలసాగర్‌కు మాత్రం ఆ నీరు రాలేదు.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2004 తర్వాత గాని పనులు ఊపందుకోలేదు. శ్రీశైలం జలాశయం అంచున కొల్లంవాగు వద్ద వరద నీటిని తీసుకోవాలి. సొరంగాల సత్తా 3,000, 8,500 క్యూసెక్కులు. రెండూ నిండుగా పారితే రోజుకు దాదాపు ఒక టిఎంసి. 45 రోజుల్లో 43.5 టిఎంసిలు మళ్లించాలని లెక్క. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి తాగునీరు అందాలి. ఫ్లోరైడు నీటితో నడుములు వంగిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలకు ఇది చిన్న విషయం కాదు.

ఆలస్యానికి అందరూ కొండనే తిడతారు. కొంత నిజమే. లోపల వదులు మట్టి జారింది, నీటి ఊట ఇబ్బంది పెట్టింది, తవ్వే యంత్రం మొరాయించింది. రెండో సొరంగంలో మిగిలిన భాగాన్ని మనుషులతో తవ్వించాల్సి వచ్చింది. పైగా బిల్లులు ఆగితే కాంట్రాక్టరు పని ఆపుతాడు. పని ఆగిన కొద్దీ సిమెంటు, ఇనుము ధరలు పెరుగుతాయి. అంచనాలు మళ్లీ రాయాలి, మళ్లీ మంజూరు కావాలి. ఒక్క సంతకానికి ఒక వానకాలం గడిచిపోతుంది.

అసలు చిక్కు కొండకు ఇవతల ఉంది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల సందులను ఆనకట్టలతో మూసి 53.85 టిఎంసిల జలాశయం కట్టారు. దాని కడుపులో సుంకేసుల, కలనూతల, గుండంచర్ల సహా 11 ఊళ్లున్నాయి. ఆ ఊళ్లు ఖాళీ కానిదే జలాశయం నింపడానికి లేదు. పరిహారం చేతికందక, పునరావాస కాలనీలు సిద్ధం కాక జనం ఎక్కడికి కదులుతారు? సొరంగంలో రోజుకెన్ని మీటర్లు తవ్వారో లెక్క చెప్పిన అధికారులు కాలనీల్లో ఎన్ని ఇళ్లు లేచాయో అంత గట్టిగా చెప్పలేదు.

ముంపు ముద్ర పడిన ఊళ్లో కొత్త ఇల్లు కట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. కురిసే కప్పును బాగు చేయాలన్నా, 'రేపో మాపో పోయేదే గదా' అన్న మాటే అడ్డు. పొలం కొనేవాడు రాడు. శంకుస్థాపన నాడు ఉయ్యాలలో ఉన్నవారు నేడు బిడ్డల తల్లిదండ్రులు. తొలి జాబితాల తర్వాత 18 ఏళ్లు నిండినవారినీ వేరు కుటుంబాలుగా లెక్కగట్టి ప్యాకేజీ ఇవ్వాలని నిర్వాసితులు కోరుతున్నారు.